వీపుకంటిన మన్ను

చేతులు కడుక్కున్న ప్రతిసారీ బాలస్వామికి ఆ అనుమానం వచ్చేది. ముప్పై ఒక్క ఏళ్ళుగా వస్తూనే ఉంది. ఆ రోజు తిరనాళ్ళ గోదాలో గౌస్ బాషా పడింది తన పట్టుకా, తన చేతులకంటిన మిరప ఘాటుకా?

గుంటూరు మిర్చి యార్డులో ముఠా కూలీకి చేతులు కడుక్కోవడం కూడా ఒక పనే. ఉత్త నీళ్ళకు ఘాటు పోదు, ఇంకా రేగుతుంది. ముందు వేరుశెనగ నూనె పట్టించాలి, గోళ్ళ సందుల్లోకి దిగేట్టు రుద్దాలి, ఆ తరువాత శనగపిండి, ఆ పైన సబ్బు. ఇంత చేసినా అన్నం కలుపుకున్నప్పుడు నాలుక పట్టేస్తుంది. ఆ రోజు బాలస్వామి పొద్దున్నే నలభై మిరప టిక్కీలు, అంటే నిండు గోనె బస్తాలు, లారీకెత్తి, బస్సు పోతుందన్న కంగారులో ఉత్త నీళ్ళతో కడుక్కుని వెళ్ళాడు. కుస్తీలో అతని అరచెయ్యి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, గౌస్ బాషా కళ్ళ మీదుగా పోయింది. మరుక్షణం గౌస్ బాషా వీపు నేలకు తగిలింది. జనం బాలస్వామికి వెండి గద ఇచ్చారు, సింహం అని పేరు పెట్టారు.

కావాలని చేశాడా? లేదు. ఆ మాట దేవుడి ముందు నిలబడి చెప్పగలడు. కానీ బస్టాండు ముందు హోటలువాణ్ణి చెంచాడు నూనె అడిగితే ఇచ్చేవాడు కదా, ఎందుకు అడగలేదు? అతని ప్రార్థన ఎప్పుడూ ఈ రెండో ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగిపోయేది.

మంగళవారం చైతన్యకృష్ణ యార్డుకు వచ్చాడు. పత్తి విత్తనాల వ్యాపారం వదిలిపెట్టి ఊరూరా కుస్తీ పోటీలు పెట్టి, సెల్ ఫోన్లలో చూపిస్తూ పేరు తెచ్చుకున్న మనిషి. ముక్కుకు రుమాలు కట్టుకుని, దగ్గుతూ, టిక్కీల వరసల మధ్య బాలస్వామిని వెతుక్కుంటూ వచ్చాడు. ఇది మూడోసారి రావడం. ముందు రెండుసార్లూ బాలస్వామి కుదరదనే చెప్పాడు. అరవై దాటిన ఒళ్ళు, కుడి మోకాలు మడత పడదు, ఎవరు చూస్తారు అన్నాడు.

"చూసేది మిమ్మల్నేనండి వస్తాదు గారూ," అన్నాడు చైతన్యకృష్ణ. రుమాలు కిందికి లాగి తన బాధ చెప్పుకున్నాడు. కుర్రాళ్ళు బ్రహ్మాండంగా కుస్తీ పడుతున్నారట. రాష్ట్రస్థాయి పతకాలు తెచ్చినవాళ్ళు ఉన్నారట. వాళ్ళ పోటీ పెడితే మూడు వందల మంది చూస్తారు. అదే పాత వస్తాదుల ఫోటో ఒకటి ఫ్లెక్సీ మీద వేస్తే ముప్పై వేలు దాటుతుంది. మా నాన్న మిమ్మల్ని చూశాడు, మా తాత మిమ్మల్ని చూశాడు అంటూ జనం పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. శనివారం సాయంత్రం సత్తెనపల్లిలో. పది నిమిషాలు. అంతే.

"ఎదురు ఎవరు?"

"గౌస్ బాషా గారు. ఆయన ఒప్పుకున్నారు."

బాలస్వామి చేతిలోని ఇనప కొక్కేన్ని టిక్కీలోంచి లాగి భుజానికి తగిలించుకున్నాడు. వస్తానన్నాడు.

ఇంట్లో భార్య సంతోషకుమారి ఆ మాట విని చేటలో బియ్యం అట్లాగే వదిలేసింది. ముప్పై ఒక్క ఏళ్ళ కిందటి ఘాటు సంగతి ఈ లోకంలో తెలిసింది ఆమె ఒక్కదానికే.

"మోకాలు వంగక చర్చిలో కుర్చీ వేయించుకుని ప్రార్థన చేసే మనిషివి. గోదాలోకి దిగుతావా?"

"గెలవడానికి కాదులేవే. ఈసారి నేను పడతా. వాడిది వాడికి ఇచ్చేసి వస్తా."

"పడితే లేస్తావా?"

రాత్రి ప్రార్థనలో ఆమె మామూలు కంటే ఎక్కువసేపు కళ్ళు మూసుకుని కూర్చుంది. తెల్లారి అతను యార్డుకు బయలుదేరబోతే కొక్కెం తీసి అటక మీద పెట్టింది. ముఠా మేస్త్రీకి తనే ఫోన్ చేసి నాలుగు రోజులు రాడని చెప్పింది. గిన్నెలో పుల్లటి మజ్జిగ పోసి అతని రెండు చేతులూ అందులో ముంచి, మణికట్ల దాకా రుద్దింది. ఆ పని నాలుగు రోజులూ పొద్దునా సాయంత్రమూ చేసింది.

గురువారం సత్తెనపల్లిలో ఖాళీగా ఉన్న ఒక కల్యాణమండపానికి ఇద్దర్నీ రమ్మన్నారు. బాలస్వామి వెళ్ళేసరికి గౌస్ బాషా గోడవారగా కుర్చీలో కూర్చుని టీలో బిస్కట్ ముంచుకుంటున్నాడు. పర్చూరులో ఒక పొగాకు గోడౌనుకు కాపలా ఉంటున్నాడని దారిలో ఎవరో చెప్పారు. ఒకప్పుడు ద్వారబంధం నిండిపోయేంత మనిషి. ఇప్పుడు చొక్కా విప్పిన ఛాతీ మీద చర్మం ఆరేసిన బట్టలా వేలాడుతోంది. ఎడమ భుజం కుడిదానికంటే బెత్తెడు దిగిపోయింది.

"ఏరా సామీ. పోయావనుకున్నా."

"నీకంటే ముందా?"

ఇద్దరూ నవ్వారు. గౌస్ బాషా బిస్కట్ ప్యాకెట్ జరిపాడు. తనకు షుగర్ అనీ, అయినా ఒకటి తింటే ఏం కాదనీ చెప్పి ఇంకొకటి తీసుకున్నాడు.

చైతన్యకృష్ణ కాగితం పట్టుకుని వచ్చి వరస వివరించాడు. మొదటి అయిదు నిమిషాలు బాషా గారిది పైచెయ్యిగా ఉండాలి. ఆరో నిమిషంలో బాలస్వామి గారు మోకాలి మీద పడ్డట్టు పడాలి, జనం అయ్యో అనాలి. ఎనిమిదో నిమిషంలో ఆ పాత చాకలి పట్టు. ఎదుటివాడి చెయ్యి భుజం మీదికి లాక్కుని, బండకేసి బట్ట బాదినట్టు వీపు మీదుగా తిప్పి పడేసే ఆ పట్టు కోసమే జనం వస్తున్నారు. అది అయిపోగానే నలుగురు కుర్రాళ్ళు వచ్చి బాలస్వామి గారిని భుజాల మీద ఎత్తుకుంటారు, అచ్చం అప్పట్లాగే.

"బాషా కూడా ఒకసారి గెలవచ్చుగా," అన్నాడు బాలస్వామి.

చైతన్యకృష్ణ ఓపిగ్గా నవ్వాడు. గెలిచిన సింహాన్ని చూడటానికి వచ్చిన జనానికి ఓడిన సింహాన్ని చూపిస్తే ఇంకోసారి రారండి అన్నాడు. గౌస్ బాషా టీ గ్లాసు అడుగున మిగిలిన బిస్కట్ ముక్కను వేలితో తీసుకుంటున్నాడు.

పట్లు ఒకసారి వేసి చూడమన్నారు. బాలస్వామి గౌస్ బాషా మెడ వెనక చెయ్యి వేశాడు. వేళ్ళ కింద నరం గబగబా కొట్టుకుంటోంది. మనిషి నిలబడి ఉన్నాడు గాని, బరువంతా తన మీదే వాలి ఉంది. ఆ ఘాటు సంగతి ఇప్పుడు చెప్పాలి అనుకున్నాడు. ఈలోగా చైతన్యకృష్ణ చప్పట్లు కొట్టి చాలు చాలన్నాడు. గౌస్ బాషా మూడు గంటల బస్సుకు పర్చూరు వెళ్ళిపోయాడు.

శుక్రవారం బాలస్వామిని ఎవరూ రమ్మనలేదు. అయినా వెళ్ళాడు. పోటీ పెట్టే మైదానంలో ఇనప గొట్టాల మీద చెక్కలు పరిచి, దాని మీద స్పాంజి పరుపు వేసి, పైన నాలుగు అంగుళాల ఎర్రమట్టి పోశారు. దూరం నుంచి చూస్తే గోదాలాగే ఉంది. వంగి పిడికెడు తీసుకున్నాడు. అది గోదా మన్ను కాదు, రోడ్లకు పోసే గ్రావెల్. గోదా మన్ను అంటే జల్లెడ పట్టాలి, పసుపూ నువ్వుల నూనే మజ్జిగా కలిపి పదిరోజులు తడుపుతూ తొక్కాలి. పిడికిట్లో పడితే వెన్నముద్దలా ఉండాలి. ఇందులో రేగిపండంత రాళ్ళున్నాయి. రేపు ఎవరి వీపు పడితే వాళ్ళ వీపు చీరుకుపోతుంది.

కుడికాలు బారజాపి గోదా మధ్యలో కూర్చున్నాడు. మన్ను దోసిట్లోకి తీసుకోవడం, వేళ్ళు వదులు చేసి జారవిడవడం, మిగిలిన రాళ్ళు బయటికి విసరడం. గంటసేపట్లో చాపంత మేర శుభ్రమైంది.

అలికిడయితే తల ఎత్తాడు. శ్రీరమ్య అనే అమ్మాయి. పెదనందిపాడు దగ్గరి రైతుల పిల్ల, రెండేళ్ళుగా రాష్ట్రంలో తన బరువులో ఆమెను ఎవరూ పడగొట్టలేదట. మన్ను చూసుకోవడానికే ఆమె కూడా వచ్చింది. అడక్కుండానే ఎదురుగా కూర్చుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. రేపు ఆమె పోటీ మధ్యాహ్నం రెండింటికి పెట్టారు. పోటీని ఫోన్లలో చూపించేవాళ్ళు నాలుగింటికి గాని రారు.

"ఫ్లెక్సీ మీద నా ఫోటో వేశారు తాతయ్యా. ఎక్కడో తెలుసా? మీ మోకాలి దగ్గర."

బాలస్వామికి తప్పు తనదేనేమో అనిపించింది.

"మీరిద్దరూ తప్పుకుంటే గాని మాకు జనం రారు అనుకునేదాన్ని," అంది శ్రీరమ్య ఒక రాయి దూరంగా విసిరి. "మొన్న వినుకొండలో పాతవాళ్ళు ఎవరూ దిగలేదు. అప్పుడు అసలుకే ఎవరూ రాలేదు. ఇంక ఎవర్ని తిట్టుకోను?"

ఆ పిల్ల మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదని బాలస్వామికి అనిపించింది. పొద్దుగూకేదాకా ఇద్దరూ ఏరారు. అయినా సగం గోదాలో రాళ్ళు అట్లాగే మిగిలాయి.

శనివారం రెండింటికి శ్రీరమ్య పోటీ జరిగింది. ఆరు వందల ఎర్ర ప్లాస్టిక్ కుర్చీల్లో నలభై మంది ఉంటే ఎక్కువ. టీ అమ్ముకునే మనిషి కూడా ఇటు చూడలేదు. ఆమె మూడు నిమిషాల్లో ఎదుటి పిల్లను ఎత్తి, గాలిలో తిప్పి, వీపు మీద పరిచింది. బాలస్వామి తన జన్మలో అంత శుభ్రమైన పట్లు పది కూడా చూసి ఉండడు. చప్పట్లు కొట్టాడు. ఖాళీ మైదానంలో అతని చప్పట్లు అతనికే గట్టిగా వినిపించాయి. శ్రీరమ్య కింద పడిన పిల్లను లేపి, వెనక్కి తిప్పి, తన తువ్వాలుతో వీపు దులిపి పంపించింది. గోదాలో అది పాత మర్యాద. గెలిచినవాడే ఓడినవాడి వీపు దులపాలి.

అయిదు కావస్తుంటే జనం రావడం మొదలైంది. ట్రాక్టర్లలో వచ్చారు, ఆటోల్లో వచ్చారు. ముసలివాళ్ళు ముందు వరసలు పట్టుకున్నారు. మైకులో బాలస్వామి పేరు వినిపించినప్పుడల్లా ఈలలు. గోదా వెనక టార్పాలిన్ పట్టా కట్టిన చోట బాలస్వామి, గౌస్ బాషా లంగోటాలు బిగించుకుని రెండు కుర్చీల్లో కూర్చున్నారు. ఇప్పుడు చెప్పకపోతే మళ్ళీ ఎప్పటికీ చెప్పలేనని బాలస్వామికి తెలుసు.

"బాషా. ఆ రోజు నా చేతులకు ఘాటు ఉంది. యార్డు నుంచి వచ్చా. సరిగ్గా కడుక్కోలేదు."

"తెలుసు."

"తెలుసా?"

"నీ చెయ్యి మెడ మీద పడగానే తెలిసింది. మిరపకాయ వాసన తెలీని ముక్కు ఉంటదా ఈ జిల్లాలో?"

బాలస్వామి కుర్చీ అతని వైపు జరుపుకున్నాడు. "అందువల్లేనా పడ్డావు?"

మైకులో ఎవరో పాట పెట్టి ఆపేశారు.

"నాకూ తెలవదు సామీ. మొదట్లో అందరికీ అదే చెప్పా. కళ్ళు మండబట్టి పడ్డానని. పదేళ్ళు అదే చెప్పుకున్నా. చెప్పీ చెప్పీ అసలు ఏం జరిగిందో నాకే గుర్తు లేకుండా పోయింది. నువ్వు నన్నడిగి లాభం లేదు."

ఇన్నేళ్ళుగా జవాబు ఆ మనిషి దగ్గర ఉందని బాలస్వామి నమ్మాడు. అక్కడా లేదు. ఇక దేవుడి దగ్గర ఉండాలి, ఆయన ఇంతవరకూ చెప్పలేదు.

"అయితే ఇవాళ నేను పడతా," అన్నాడు. "కాగితంలో ఏముంటే నాకేం. నువ్వు నన్ను ఎత్తు చాలు, నేను పడతా."

గౌస్ బాషా ముఖం బిగుసుకుంది. "నాకు ముష్టి వేస్తావా?"

"ముష్టి కాదురా."

"వద్దు. నాకు నువ్వు ఇవ్వాల్సింది అది కాదు." అతను లంగోటా ముడి ఇంకోసారి బిగించుకున్నాడు. "నిన్ను ఎత్తుకుపోయారు. నువ్వు వెనక్కి తిరిగి చూడలా. ఎవరి వీపు వాళ్ళకి అందదు కదా సామీ. ఆ మన్నుతోనే చొక్కా వేసుకోకుండా బస్సెక్కా. సీట్లకు అంటుద్ది, ఆనుకోమాకు అన్నాడు కండక్టరు. పర్చూరు దాకా నిలబడే పోయా. ఇంటికి పోయినాక మా ఆవిడ జహీరున్నీసా చెంబుతో నీళ్ళు పోసి కడిగింది. ఏం జరిగిందని అడగలా. అంత మన్ను వీపున వేసుకొచ్చినవాణ్ణి ఏం అడుగుద్ది?"

పట్టా తొలగించి చైతన్యకృష్ణ తల లోపలికి పెట్టాడు. పదండి పదండి, ఆన్‌లైన్‌లో నలభై వేలు దాటింది అన్నాడు.

దీపాలు వేశారు. ఇద్దరూ వంగి మన్ను తీసుకుని నుదుటికి అద్దుకున్నారు. బాలస్వామి కళ్ళు మూసుకుని ఒక్క మాట అనుకున్నాడు. గౌస్ బాషా పెదాలు కదిలాయి. చేతులు కలపవలసి వచ్చినప్పుడు గౌస్ బాషా అతని అరచెయ్యి ముక్కు దగ్గరికి తీసుకున్నాడు.

"మజ్జిగ," అన్నాడు.

జనం అది కూడా ఆటలో భాగమనుకుని గోల చేశారు.

మొదటి రెండు నిమిషాలు ఒకరి మెడ ఒకరు పట్టుకుని తోసుకున్నారు. బాలస్వామి అతన్ని మెల్లగా తాను రాళ్ళు ఏరిన వైపుకు నడిపించాడు. అక్కడ ఎడమకాలు వదులు చేశాడు, నడుం పక్కకు ఇచ్చాడు. ఈ మాత్రం సందు దొరికితే పదేళ్ళ పిల్లాడైనా పడగొడతాడు. గౌస్ బాషాకు అర్థమైంది. పళ్ళ మధ్య నుంచి, నిలబడరా సరిగ్గా అన్నాడు.

బాలస్వామి సరిగ్గా నిలబడ్డాడు. అప్పుడు గౌస్ బాషా నిజంగానే పట్టు వేశాడు. నడుం కింద చెయ్యి దూర్చి, తల అతని పక్కటెముకలకు ఆనించి ఎత్తబోయాడు. ఆ ఎత్తడంలో పాత గౌస్ బాషా ఒక్క క్షణం కనిపించాడు. బాలస్వామి మడమలు నేల నుంచి లేచాయి కూడా. నన్ను ఎత్తనీ దేవా అనుకున్నాడు. గౌస్ బాషా దిగిపోయిన ఎడమ భుజంలో ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడయింది. గౌస్ బాషా ఊపిరి అతని ఛాతీ మీద వేడిగా తగిలి ఆగిపోయింది. మనిషి బరువంతా కిందికి జారుతుంటే బాలస్వామి రెండు చేతులా పట్టుకున్నాడు.

"కళ్ళు తిరుగుతున్నాయి సామీ."

"ఆపమని చెప్తా."

"ఆపమాకు. కుస్తీ ఆపితే ఎట్టా? దించు. మెల్లగా దించు."

చూసేవాళ్ళకు ఇద్దరు ముసలివాళ్ళు కావలించుకుని నిలబడినట్టుంది. వెనక వరసల్లో ఎవరో నవ్వారు. చాకలి పట్టు, చాకలి పట్టు అని అరుపులు. బాలస్వామి వంగని మోకాలిని వంచాడు. నొప్పి తుంటి దాకా పాకింది. కుట్టు వదిలిన టిక్కీని గింజ రాలకుండా దించినట్టు, తల కింద ఒక అరచెయ్యి పెట్టి, గౌస్ బాషాను నేల మీద పడుకోబెట్టాడు. వీపు మన్నుకు తగిలింది. కుస్తీ అయిపోయింది. ఇవ్వడానికి వచ్చినవాడు మళ్ళీ గెలిచాడు.

ఈలలు లేవు. ఎత్తి పట్టుకున్న ఫోన్లు ఒక్కొక్కటీ కిందికి దిగాయి. ఆలస్యంగా బాకాల పాట మోగింది. నలుగురు కుర్రాళ్ళు పరుగెత్తుకుంటూ వచ్చారు. వాళ్ళ వెనకే చైతన్యకృష్ణ.

"ఏందయ్యా ఇది? పడేసింది ఎక్కడ కనపడింది? లేపండి ఆయన్ని, ఆ పట్టు ఒక్కటి మళ్ళీ వెయ్యమనండి."

ఇన్నాళ్ళూ పేరు వెనక ఉన్న 'గారు' ఎక్కడికి పోయిందో బాలస్వామి పట్టించుకోలేదు. కుర్రాళ్ళు అతన్ని ఎత్తుకోవడానికి చంకల కింద చేతులు వేశారు. అతను ఒళ్ళంతా బరువు వదిలేసి గోదాలో కూలబడ్డాడు. నూట పది కిలోల బరువున్న ముఠా మనిషి అట్లా కూర్చుంటే నలుగురూ లేపలేకపోయారు.

గౌస్ బాషా తనంతట తనే కుడిచేతి మీద లేచి కూర్చున్నాడు. ఊపిరి అందుతోంది. ఎవరో నీళ్ళ సీసా ఇస్తే రెండు గుక్కలు తాగాడు. బాలస్వామి కాలు ఈడ్చుకుంటూ అతని వెనక్కి జరిగాడు. వీపంతా ఎర్రగా ఉంది. మధ్యలో రెండు చోట్ల చిన్న రాళ్ళు చర్మంలోకి దిగి ఉన్నాయి. ముందు వాటిని గోటితో తీశాడు. తరువాత అరచేత్తో మెడ కింద నుంచి మొదలుపెట్టి, దిగిపోయిన ఎడమ భుజం మీద మాత్రం చెయ్యి తేలిక చేసి, నడుం దాకా దులిపాడు.

మైకులో ఏదో అంటున్నారు. జనం లేచి వెళ్ళిపోతున్నారు, కుర్చీలు జరుగుతున్న చప్పుడు.

"ఇంకాస్త పైన ఉంది," అన్నాడు గౌస్ బాషా, వీపు కొంచెం ముందుకు వంచి.

బాలస్వామి అక్కడ కూడా దులిపాడు.